స్పిరిదోన్ పాతిన గుంజ

మా ఊళ్లో ఇళ్లు నిలబడవు, ఒరుగుతాయి. ఒకటి పడమటికి, ఒకటి వీధివైపు, ఒకటి తనలోకి తానే. ఇల్లు ఎటు ఒరిగిందో చూసి మంచం వేసుకుంటాం. తల ఎత్తున, కాళ్లు పల్లాన. ఏడాది తిరిగేసరికి తల ఉన్న చోటికి కాళ్లు వస్తాయి.

ఒరిగిన ఇళ్లను సరిచేసేది స్పిరిదోన్. అరవై ఎనిమిదేళ్లు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నడిచేటప్పుడు ఎడమవైపుకు కొద్దిగా వాలుతాడు. ఇన్ని ఇళ్ల కింద దూరి దూరి ఇళ్ల జబ్బు ఆయనకూ అంటుకుందని ఊరివాళ్లు అంటారు. ఆయన మాత్రం, తాను నిటారుగానే ఉన్నానని, ఊరే కుడికి వాలిందని అంటాడు.

ఆయన దగ్గర లారీలకు వాడే పాత జాకీలు నాలుగు ఉన్నాయి. ఒక బస్తా చెక్కముక్కలు ఉన్నాయి, మా అడవుల్లో పెరిగే లార్చ్ అనే గట్టి చెట్టువి. ఒక సాసరు ఉంది. రసమట్టం కూడా ఉంది గానీ అది గోడకు వేలాడుతుంది. కూతురు నగరం నుంచి పంపింది. దాన్ని ఎందుకు వాడవని అడిగితే, దానికి టీ తాగడం రాదంటాడు.

ఆయన పద్ధతి ఇది. ఇంట్లోకి వచ్చి, టోపీ తీసి, బల్ల మీద సాసరు పెడతాడు. ఇల్లాలు అంచుదాకా టీ పోయాలి. టీ ఎటు పొర్లితే ఇల్లు అటు ఒరిగింది. పొర్లగా మిగిలిన టీ తాగేసి నేల కిందికి దూరతాడు. జాకీ పెట్టి దుంగను ఎత్తుతాడు, చెక్క దూరుస్తాడు, మోకాళ్లకు మట్టితో పైకొస్తాడు. మళ్లీ సాసరు, మళ్లీ టీ. ఇల్లు సరి అయ్యేసరికి మామూలుగా పదిహేను సాసర్లు పడుతుంది. తొమ్మిదింటితోనే అయిపోయిందంటే ఆ ఇంట్లో టీ బాగుండదని ఊరికి తెలిసిపోతుంది. అందుకని ఆయన వచ్చేరోజున ఇల్లాళ్లు మంచి మీగడ దాచి ఉంచుతారు.

అన్ని ఇళ్లకంటే ఎక్కువ సాసర్లు పట్టేది మా ఎదురింటికి. అది ఫెక్లా ఇల్లు. ఒకసారి ముప్పై రెండు పట్టాయి. నేను కిటికీలోంచి లెక్కపెట్టాను. అదే వీధిలోని గ్రంథాలయంలో పని నాది. మా ఊళ్లో పుస్తకాలకు వచ్చేవాళ్లు తక్కువ, కిటికీకి తీరిక ఎక్కువ.

*

మా కాళ్ల కింద ఉన్నది మంచునేల. పైన కొద్దిపాటి మట్టి, దాని కింద మంచు. ఎంత లోతు ఉందో మా తాతలు అడగలేదు. దాని మీద ఇళ్లు కట్టారు. దానిలో గొయ్యి తవ్వి మాంసం దాచారు, చేపలు దాచారు. ఏది దాచితే దాన్ని దాచినట్టే ఉంచడం ఆ నేల స్వభావం. మనుషుల్లో అలాంటివాళ్లు దొరకరు. అందుకే మావాళ్లు చెప్పుకోలేనివీ చూపించుకోలేనివీ కూడా దానికే అప్పగించేవాళ్లు. కరుగుతుందని ఎవరికీ తోచలేదు. స్పిరిదోన్‌కు అసలే తోచలేదు.

నలభై ఒక్క ఏళ్ల క్రితం ఫెక్లాకూ యెగోర్‌కూ పెళ్లయింది. యెగోర్ గుర్రాల మందలు కాసేవాడు. బలమైన మనిషి. మాట తక్కువ. స్పిరిదోన్ అతని స్నేహితుడు. వడ్రంగం బాగా వచ్చు. మాలో పెళ్లికి ఇంటి ముందు గుంజ పాతడం ఆనవాయితీ. గుర్రాన్ని కట్టే గుంజ. ఆ ఇంటికి మనిషి ఉన్నాడని చెప్పేది అదే. దాన్ని ఒకసారి పాతాక ఎవరూ పీకకూడదు, కొట్టకూడదు. దానంతట అది పడేదాకా నిలబడాలి.

స్నేహితుడి పెళ్లికి గుంజ చెక్కే పని స్పిరిదోన్‌ది అయింది. చెక్కాడు. మూడు నిలువుల లార్చ్ దుంగ. తలన కుమిస్, అంటే పులిసిన గుర్రప్పాలు, తాగే గిన్నె ఆకారం, దాని కింద మూడు కడియాలు. ఇప్పటికీ చూడటానికి వస్తారు. పాతడానికి గొయ్యిలో మంట వేసి, కరిగినంత తవ్వి, మళ్లీ మంట వేసి, ఇలా మూడు రోజులు తవ్వాడు. తన భుజాల లోతు వచ్చింది. పెళ్లిరోజున అందరి ముందూ గుంజను భుజంతో నెట్టి చూపించాడు. వందేళ్లు కదలదు అన్నాడు.

ఆయన చెప్పనిది ఒకటి ఉంది. పెళ్లికూతురంటే ఆయనకు ఇష్టం. రెండేళ్లుగా ఇష్టం. అడుగుదామనుకుంటూనే ఉన్నాడు. గడ్డికోతలు కానీ అనుకున్నాడు, నది గడ్డకట్టనీ అనుకున్నాడు, కరగనీ అనుకున్నాడు. ఈలోగా యెగోర్ వెళ్లి అడిగేశాడు. మాట తక్కువ మనిషి, ఉన్న ఒక్క మాటనూ సమయానికి వాడాడు.

గుంజ పాతే ముందురోజు స్పిరిదోన్ ఉలి తీసుకుని, భూమిలోకి పోయే భాగం మీద, పైనుంచి కిందికి మూడు మాటలు చెక్కాడు. "ఫెక్లా తప్పు చేసింది." చెక్కాక మనసు తేలికపడిందట. మంచునేలలోకి దించి, మట్టి కప్పి, నీళ్లు పోశాడు. సాయంత్రానికి రాయిలా గడ్డకట్టింది. ఆ మాట అక్కడే ఉంటుంది, ఎవరూ చదవరు, తనూ మర్చిపోతాడు అనుకున్నాడు. పెళ్లిలో అందరికంటే ఎక్కువ పాడింది ఆయనే.

తర్వాత ఆయనకూ పెళ్లయింది. కూతురు పుట్టింది. భార్య మంచి మనిషి, ఆమె పోయి పన్నెండేళ్లు. యెగోర్ పోయి తొమ్మిదేళ్లు. గుంజ నిలబడే ఉంది.

*

యెగోర్ పోయిన ఏడాదే ఫెక్లా ఇంటి వెనక నేల దిగడం మొదలైంది. మొదట పెరట్లో తట్టంత గుంట పడింది. ఫెక్లా దాన్లో బాతులకు నీళ్లు పోసింది. మరుసటేడు బాతులకు అది ఎక్కువైంది. ఆ మరుసటేడు పెరటి కంచె దాన్లోకి దిగింది. ఇప్పుడది చెరువు. దానికి పేరు పెట్టాలా వద్దా అని పంచాయతీలో చర్చ జరిగింది.

ఇల్లు పడమటికి, అంటే చెరువువైపుకు, ఒరుగుతూ వచ్చింది. స్పిరిదోన్ ఏడాదికోసారి వచ్చి ఎత్తాడు. తర్వాత ఏడాదికి రెండుసార్లు. మొత్తం పదకొండుసార్లు. కింద వేసిన చెక్కలు పేర్చి పేర్చి గూళ్లలా అయ్యాయి. ఊరికి ఎగువన పైన్ చెట్ల దిబ్బ ఉంది, అది ఇసుక, దాని కింద మంచు లేదు. పంచాయతీ అక్కడ ఫెక్లాకు స్థలం ఇచ్చింది. ఇల్లు విప్పి, దుంగ దుంగా అక్కడికి తీసుకెళ్లి, మళ్లీ పేర్చుకోవచ్చు. మా ఇళ్లకు ఆ సుఖం ఉంది. స్పిరిదోన్ ఒక వేసవంతా అక్కడ పునాది మొద్దులు పాతి సిద్ధం చేశాడు కూడా.

ఫెక్లా కదలలేదు. గుంజ నిలబడి ఉండగా ఇంటివాళ్లు ఇల్లు విప్పుకుని పోతే యెగోర్ ఏమనుకుంటాడని ఆమె మాట. గుంజ పడనీ, అప్పుడు వస్తాను అంది.

గుంజ పడితే కదా. పాతినవాడు స్పిరిదోన్. ఆయన తన పనితనాన్ని మొదటిసారి తిట్టుకున్నాడు.

పైగా అది పడకపోగా లేస్తోంది. ఇల్లు కుంగుతుంటే గుంజ లేవడమేంటని ఊరంతా వింతగా చూసింది. ఇందులో వింత లేదు. కింద పట్టుకుని ఉన్న మంచు కరిగి వదిలేసింది. పైన మట్టి ప్రతి చలికాలం తడితో గడ్డకట్టి, ఉబ్బి, గుంజను పట్టుకుని బెత్తెడు పైకి లాగుతుంది. వేసవిలో మట్టి దిగుతుంది, గుంజ దిగదు. ఇది స్పిరిదోన్‌కు తెలుసు. ఫెక్లాకు మాత్రం యెగోర్ లేచి నిలబడి ఇంటిని చూసుకుంటున్నాడనిపించింది. మోకాలి దగ్గర ఉండే మూడో కడియం నడుము దాకా వచ్చింది. నడుము నుంచి పైకి పాకుతోంది. రోజూ పొద్దున దానికి కాస్త కుమిస్ చిలకరించి, పెరుగుతున్నావయ్యా అని పలకరించేది.

స్పిరిదోన్ రోజూ కొలిచేవాడు, మరో కారణంతో. మొదటి మాట నేలకు ఎంత కింద చెక్కాడో ఆయనకు గుర్తుంది. ఒక మూర.

నాకు ఈ సంగతి చెప్పింది ఆ రోజుల్లోనే. చేపలు పడుతూ చెప్పాడు. గాలానికి ఏదీ పడలేదు. పడి ఉంటే చెప్పేవాడు కాదేమో. ఆమెకు ఆ మాట కనబడకుండా ఆమెను ఇల్లు మార్పించాలన్నది ఆయన ఆలోచన. మట్టి ఎత్తు పోసి కప్పేయకూడదా అన్నాను. పోశాడట, రెండుసార్లు. ఫెక్లా పారతో తీసేసింది. మా ఆయన కాళ్ల మీద ఎవడో మట్టి పోస్తున్నాడు అందట.

*

నిరుడు జూన్‌లో మొదటి మాట బయటపడింది.

ఆ రోజు పొద్దున ఫెక్లా కుమిస్ గిన్నెతో గుంజ దగ్గరికి వెళ్లింది. వంగింది. చేత్తో తుడిచింది. గిన్నె కింద పెట్టింది. తర్వాత వీధి దాటి మా ఇంటికి వచ్చింది. నా కళ్లద్దాలు అడిగింది.

గుంజ మొదలు దగ్గర, తడి మట్టి అంటుకుని, ఆమె పేరు ఉంది. ఫెక్లా. మంచులో ఉండటం వల్ల చెక్క కొత్తగా ఉంది. నిన్న చెక్కినట్టు ఉంది.

ముప్పై రెండేళ్ల కాపురంలో యెగోర్ మూడు తియ్యటి మాటలు మాట్లాడాడని ఫెక్లా చెబుతుండేది. అందులో రెండు గుర్రంతో. అలాంటివాడు పెళ్లిరోజున ఎవరికీ తెలియకుండా పెళ్లికూతురి పేరు చెక్కించి భూమిలో పెట్టించుకున్నాడని ఆమె అనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు. ఆమె ముఖం ఆ రోజంతా ఎర్రగా ఉంది. అట్లు పోసి వీధంతా పంచింది. స్పిరిదోన్‌కు నాలుగు ఎక్కువ పంపింది, చెక్కిన చెయ్యి కదా అని.

"ఇన్నేళ్లూ నువ్వైనా నోరు మెదపలేదు చూడు" అందట ఆయనతో. "నీచేత ఒట్టు వేయించాడా?"

ఆయన నోటినిండా అట్టు ఉంది. నమలడం ఆమెకు తలూపినట్టు కనబడింది.

అంతటితో ఆగలేదు. పేరు కింద ఇంకో అక్షరం నెత్తి కనబడుతోంది. అంటే ఇంకా ఉంది. ఏముందో ఊహించడం ఊరికి పనైంది. పాలకేంద్రం ఆడవాళ్లు ఒకటన్నారు, చేపలవాళ్లు ఇంకోటన్నారు. ఫెక్లా నా బంగారం అని ఉంటుందని ఒకావిడ తేల్చింది. యెగోర్‌ను ఎరిగినవాళ్లు, ఫెక్లా గుర్రానికి మేత వెయ్యి అని ఉంటుందన్నారు. స్పిరిదోన్‌ను అడిగితే చెక్కి చాలా కాలమైంది, గుర్తులేదనేవాడు. ఆ వేసవిలో ఆయన ఎడమవైపుకు ఇంకాస్త వాలాడు.

ఏడాదికి బెత్తెడు. రెండో మాట పూర్తి కావడానికి రెండేళ్లు, మూడోదానికి ఇంకో రెండు. పూర్తిగా చదివాకే ఇల్లు కదిలిస్తానని ఫెక్లా పంచాయతీకి కబురు చేసింది.

ఇంటికి మాత్రం నాలుగేళ్లు లేవు.

*

ఆ ఆగస్టులో నగరం నుంచి క్యున్నెయ్ అనే అమ్మాయి వచ్చింది. మా పిల్లే, పక్క ఊరిది. చదువుకుని నేలను కొలిచే పనిలో ఉంది. చెరువులో బుడగలు లెక్కపెట్టడానికి వచ్చానంది. ఇంత చదువూ దీనికేనా అని ఫెక్లా జాలిపడి ఇంట్లోనే ఉంచుకుంది.

క్యున్నెయ్ చెరువులో తెరిచిన గొడుగుల్లాంటివి తేలేసింది. కింద నుంచి వచ్చే బుడగలు వాటిలో చేరి, పైన గొట్టంలో నిలుస్తాయి. ఫెక్లా రోజూ ఒడ్డున కూర్చుని, ఈ రోజు ఎన్ని పడ్డాయి అని చేపల సంగతి అడిగినట్టు అడిగేది. బాగా పడ్డాయి అమ్మమ్మా అని ఆ పిల్ల చెప్పేది. బాగా పడితే సంతోషించాలో వద్దో ఇద్దరికీ తెలిసేది కాదు.

అక్టోబర్‌లో చెరువు గడ్డకట్టింది. జానెడు మందం, నల్లగా, అద్దంలా. ఆ అద్దంలో తెల్లటి బుడగలు ఒకదాని మీద ఒకటి అట్ల దొంతరలా చిక్కుకుని ఉన్నాయి. ఒక మధ్యాహ్నం క్యున్నెయ్ మమ్మల్ని పిలిచింది. స్పిరిదోన్, ఫెక్లా, నేను. ఇనుప ఊచతో పెద్ద దొంతర మీద పొడుస్తానని, పొడవగానే అగ్గిపుల్ల చూపించమని స్పిరిదోన్‌కు చెప్పింది. ముఖం దూరంగా పెట్టమని కూడా చెప్పింది. ఆయన మొదటిది విన్నాడు.

పొడిచింది. బుస్సుమంది. మంచులోంచి మంట లేచింది, మనిషెత్తు. నీలంగా మొదలై పసుపు తిరిగింది. స్పిరిదోన్ కనుబొమ్మ ఒకటి పోయింది. ఆయన అక్కడే నిలబడి దాని కోసం తడుముకుంటున్నాడు.

ఫెక్లా వెనక్కి పోలేదు. దగ్గరికి వెళ్లింది. శాలువా కొంగున ఉన్న అట్టు తుంచి మంటలో వేసింది. మేం పొయ్యి వెలిగించినా, అడవిలో మంట వేసినా, ముందు దానికి పెట్టకుండా తినం. చెరువు మంటకు పెట్టాలన్నది మాత్రం ఆమెకే తోచింది.

"ఎన్నాళ్లైందో తిని" అంది.

"ముప్పై వేల ఏళ్లు అమ్మమ్మా" అంది క్యున్నెయ్. "అప్పటి గడ్డి ఇది. మంచులో ఉన్నన్నాళ్లూ కుళ్లలేదు. ఇప్పుడు కరిగి, కుళ్లి, గాలై వస్తోంది."

"వచ్చి ఎటు పోతుంది?"

"పైకి. పైకి పోయి వేడిని పోనివ్వదు. దాంతో ఇంకా కరుగుతుంది. ఇంకా వస్తుంది."

ఫెక్లా ఆలోచించింది. "అంటే నా పెరడు కరిగితే ఎక్కడెక్కడో ఉక్కపోస్తుందా?"

"కొంచెం."

"విన్నావా స్పిరిదోన్. నా పెరడు సంగతి."

ఆమెకు కొంత గర్వంగానే ఉంది. మంట తగ్గి, చేతివేలంతై, ఆరిపోయింది. ఫెక్లా ఆ చిల్లులోకి చూసి, ముప్పై వేల ఏళ్ల గడ్డే ఆగి ఆగి బయటికి వచ్చింది, యెగోర్ మాటకు నాలుగేళ్లు ఆగలేనా అంది.

క్యున్నెయ్ ఊచ తీసుకుని ఇంటి పడమటి మూలకు వెళ్లింది. నేలలో గుచ్చింది. రెండు నెలల కిందట నడుము లోతులో టంగుమని మంచుకు తగిలేది. ఇప్పుడు పైన గడ్డకట్టిన పొర దాటాక గంజిలోకి పోయినట్టు పోయింది. ఊచంతా పోయింది. ఆమె పిడి పట్టుకుని వంగి అలాగే ఉంది.

"తాతా" అంది స్పిరిదోన్‌తో, నెమ్మదిగా. "ఈ మూల వసంతాన్ని చూడదు. జాకీ దేని మీద పెడతావ్?"

ఆయన ఊచ వంక చూశాడు. తర్వాత గుంజ వంక చూశాడు. టోపీ తీసి ఇంట్లోకి వెళ్లాడు. ఫెక్లా వెనకే వెళ్లింది, టీ కోసమే అనుకుని.

*

లోపల జరిగింది ఇద్దరూ నాకు వేర్వేరుగా చెప్పారు. ఇద్దరి మాటల్లోనూ కలిసినంత వరకే రాస్తున్నాను.

ఆయన జేబులోంచి సాసరు తీసి బల్ల మీద పెట్టాడు. అది టీ కోసం ఆగలేదు. తనంతట తానే జారి పడమటి గోడ దగ్గర ఆగింది. తెచ్చి మళ్లీ పెట్టాడు, ఈసారి వేలు అడ్డం పెట్టాడు. ఫెక్లా టీ పోయసాగింది.

"ఆ మాట యెగోర్‌ది కాదు" అన్నాడు.

ఆమె పోస్తూనే ఉంది.

"నాది."

"కింద ఇంకా ఏముంది?"

"ఫెక్లా తప్పు చేసింది అని ఉంది."

టీ సాసరు నిండి, ఆయన వేలు దాటి, బల్ల మీదుగా పారి, గోడ దాకా పోయింది. ఆమె కెటిల్ దించలేదు.

"ఎప్పుడు రాశావ్?"

"పాతే ముందురోజు."

"అప్పటికి పెళ్లే కాలేదు. నీకెలా తెలిసింది? నాకు ఆరేళ్లు పట్టింది."

ఆయన బల్ల మీది టీని చేత్తో గోడవైపుకు తోశాడు.

"ఏడో ఏటికి మళ్లీ సర్దుకున్నాం అనుకో" అంది ఆమె. "అది రాయలేదా?"

"అది తెలీదు నాకు."

"తెలీనప్పుడు రాయకూడదు."

"మంచులో ఎవరు చూస్తారులే అనుకున్నా."

ఆమె కెటిల్ పొయ్యి మీద పెట్టింది. అటే తిరిగి నిలబడింది. నవ్విందని ఆయన అంటాడు. నవ్వలేదని ఆమె అంటుంది. తర్వాత గుడ్డ తెచ్చి ఆయన ముందు పడేసింది, తుడవమని.

"అంత కష్టపడి మూడు రోజులు మంట వేసి, నిలువు లోతు తవ్వి రాశావు" అంది. "వీధిలో నిలబెట్టి ఆ ముక్క నాతో అంటే నిమిషం పట్టేది."

"గడ్డికోతలు అయ్యాక అందామనుకున్నాను."

"ఏ గడ్డికోతలు?"

ఆయన బల్ల తుడిచాడు. ఆమె ఇంటిని ఒకసారి చూసింది, నేలనుంచి పైకప్పు దాకా. గుంజకు కాపలా ఉన్నది యెగోర్ మాట కోసం, నీ మాట కోసం కాపలా నాకెందుకు అంది. ఎప్పుడు విప్పుతావని అడిగింది.

*

మర్నాడే మొదలుపెట్టాం. వీధంతా వచ్చింది. ఒకరి ఇల్లు విప్పుతుంటే మాలో పిలుపులు ఉండవు, గొడ్డలి పట్టుకుని రావడమే. స్పిరిదోన్ ఒక్కో దుంగకూ సుద్దతో అంకె వేశాడు. అంకెలు తప్ప ఇంకేమీ రాయడం లేదు కదా అని ఫెక్లా పక్కనే నిలబడి చూసింది. ఒక దుంగ మీద ఆయన సుద్ద కాస్త ఎక్కువసేపు ఆగితే, అదేంటి అని అడిగింది. నలభై ఏడు అన్నాడు. ఆమె వంగి చూసి, నలభై ఏడే అంది.

ఈ పాటికి సంగతి ఊరంతటికీ తెలిసిపోయింది. నేను చెప్పలేదు. పాలకేంద్రం ఆడవాళ్లు కొంత నిరుత్సాహపడ్డారు. చేపలవాళ్లు స్పిరిదోన్‌ను చూసినప్పుడల్లా, మా గేటు మీద కూడా ఏదైనా రాసిపెట్టు మామా, కాకపోతే పైన రాయి, అనేవాళ్లు. ఆయన వినబడనట్టు దుంగలు మోసేవాడు. ఒక కనుబొమ్మతో మనిషి ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టే ఉండేవాడు.

నేల చెక్కలు లేపాక పడమటి గోడ కింద ఇన్నేళ్లలో దొర్లిపోయినవన్నీ దొరికాయి. పదిహేడు బొత్తాలు, మూడు చెంచాలు, ఒక దారపు ఉండ, ఎండిన బంగాళాదుంపలు, ఎత్తుకుపోయారని ఫెక్లా పక్క వీధివాళ్లను అనుమానించిన వెండి ఉంగరం, యెగోర్ కట్టుడు పళ్లు. కట్టుడు పళ్లు కడిగి గుడ్డలో చుట్టి ఆమె తన దగ్గరే పెట్టుకుంది. ఈయన మాట్లాడకపోవడానికి కారణం వీటిని పోగొట్టుకోవడమే అయుంటుందని అంది.

నవంబర్ మొదటివారానికి ఇల్లు ఇసుక దిబ్బ మీద లేచింది. దుంగల మధ్య కొత్త నాచు కూరారు. మొదటి మంటకు ఫెక్లా అట్టు పెట్టింది. స్పిరిదోన్ సాసరు పెట్టాడు. అంచుదాకా పోసింది. టీ ఎటూ పొర్లలేదు. చుట్టూ ఉబ్బి, అంచున వణికి, నిలిచింది. అందరం ఊపిరి బిగబట్టి చూశాం. మా ఊళ్లో మొదటి సాసరుకే అలా నిలవడం పాతికేళ్లుగా ఎవరూ చూడలేదు. ఒక ముసలాయనకు తల తిరిగి కూర్చున్నాడు.

స్పిరిదోన్ ఆ టీ తాగాడు. సాసరు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇక ఈ ఇంట్లో నాకు పని లేదు అన్నాడు. మెచ్చుకున్నట్టు లేదు ఆ గొంతు.

*

గుంజ పాత చోటే ఉంది. ఒంటరిగా, చెరువుకు ఎదురుగా. పీకకూడదనే ఉంది గానీ వదిలి వెళ్లకూడదని ఎక్కడా లేదని పెద్దవాళ్లు తేల్చారు. పాత ఇంటి పడమటి మూల ఉన్న చోట మార్చిలోనే నేల విరిగి చెరువులో కలిసింది. ఆ చప్పుడు నాకు గ్రంథాలయంలోకి వినబడింది. తలుపు వేసినట్టు వినబడింది.

ఈ జూన్‌కు చెరువు గుంజ దాకా వచ్చింది. గాలి లేని ఒక పొద్దున గుంజ పడింది. ఎవరి చెయ్యీ తగల్లేదు. మొదలు ఒడ్డున, తల నీళ్లలో. నలభై ఏళ్ల క్రితం భూమిలోకి వెళ్లిన భాగమంతా బయట పడి ఉంది. మళ్లీ బుడగలు లెక్కపెట్టడానికి వచ్చిన క్యున్నెయ్ ఫోన్ చేసి చెబితే ఫెక్లా వచ్చింది. నేను వెంట వెళ్లాను. నా కళ్లద్దాలు పెట్టుకుని ఆమె మూడు మాటలూ చదివింది. వేలితో అక్షరాలు తడిమింది. చెక్క పక్కన నీళ్లలో బుడగలు ఒకటొకటిగా వస్తున్నాయి.

"చెక్కడం మాత్రం బాగా చెక్కాడు" అంది.

కుమిస్ చిలకరించింది. యెగోర్‌కు చెప్పాల్సింది ఏదో చెప్పింది, నేను కాస్త దూరం జరిగాను. తర్వాత దిబ్బ మీదికి నడిచాం.

వారం తర్వాత స్పిరిదోన్‌కు కబురు వచ్చింది. ఫెక్లా ఇల్లు ఒరిగింది, వచ్చి చూడమని. ఆయన నమ్మలేదు. ఇసుక దిబ్బ ఒరగడమేంటి. అయినా నాలుగు జాకీలూ బస్తాలో వేసుకుని వెళ్లాడు. దారిలో గడ్డం గీసుకోలేదని గుర్తొచ్చి మా ఇంటి ముందు నుంచే వెనక్కి తిరిగి, గీసుకుని మళ్లీ వెళ్లాడు. కనుబొమ్మ తిరిగి వచ్చింది, కొంచెం తెల్లగా.

సాసరు పెట్టాడు. ఆమె పోసింది. టీ తూర్పుకు పొర్లింది.

ఆయన వంగి చూశాడు. బల్ల పడమటి కాళ్లు రెంటి కిందా రెండు చెక్కముక్కలు ఉన్నాయి. లార్చ్ చెక్క. తన బస్తాలోవే, పాత ఇంటి కింద నుంచి తీసినవి.

ఆయన లేచాడు. టీ తాగి, జాకీలు తీసుకుని నేల కిందికి దూరాడు. కింద కొలవాల్సింది ఏమీ లేదు. పొడి ఇసుక, నిటారు మొద్దులు. కాసేపు కూర్చున్నాడు. సుత్తితో ఒక మొద్దును రెండుసార్లు తట్టాడు, పైకి వినబడేలా. మోకాళ్లకు ఇసుకతో పైకొచ్చాడు.

"ఎలా ఉంది?" అంది ఫెక్లా.

"కష్టంగానే ఉంది."

"ఎన్నిసార్లు రావాలో?"

"గడ్డికోతలు" అని మొదలుపెట్టి ఆగాడు. సాసరు ముందుకు జరిపాడు. "రేపూ వస్తాను" అన్నాడు.

ఆమె అంచుదాకా పోసింది.